ర్యామ్ ఎంతుందంటే తలో లెక్క ఎందుకు చెబుతాయి?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి చాలా ఉత్తరాలు ఒకే సమస్య మీద వచ్చాయి. కంప్యూటర్‌లో ఎంత మెమరీ ఉందో ప్రోగ్రాంతో తెలుసుకోవాలి, వచ్చిన అంకెను నమ్మగలగాలి. ఈ సమస్య నన్ను ఉద్యోగం మొదట్లోనే బాగా దెబ్బతీసింది. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: నమస్తే అండీ. మా ఆఫీసులో ఉన్న కంప్యూటర్లన్నిటి వివరాలు సేకరించే పని నాది. పైథాన్‌లో రాసిన చిన్న స్క్రిప్ట్ ఒకటి ప్రతి యంత్రంలో నడిచి, ర్యామ్ ఎంతుందో పట్టికలోకి ఎక్కిస్తుంది. అందులో యంత్రం వివరాలు చెప్పే పీఎస్‌యుటిల్ లైబ్రరీ వాడాను. కొత్త యంత్రాల్లో సమస్య లేదు. పాత యంత్రాల్లో 'వర్చువల్ మెమరీ అనే అట్రిబ్యూట్ లేదు' అని ఎర్రర్ వచ్చింది. వెతికి, అదే పేరుకు దగ్గరగా ఉన్న పాత ఫంక్షన్ ఒకటి పెట్టాను. ఇప్పుడు ఎర్రర్ రావట్లేదు గానీ కొన్ని యంత్రాల్లో 2 జీబీ అని, కొన్నిట్లో సున్నా అని వస్తోంది. అవన్నీ 4 జీబీ యంత్రాలని నాకు కచ్చితంగా తెలుసు. లైబ్రరీని అన్నిచోట్లా అప్‌డేట్ చేసే అధికారం నాకు లేదు. పట్టిక ఇవ్వాల్సిన రోజు దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు

జవాబు: ఆ ఫంక్షన్ పేరు మీరు రాయలేదు గానీ, 2 జీబీ, సున్నా అన్న అంకెలు చూస్తే మీరు పెట్టింది 'విర్ట్‌మెమ్ యూసేజ్' అయి ఉంటుందనిపిస్తోంది. పేరు చూస్తే ఎవరైనా 'వర్చువల్ మెమరీ'కి పాత రూపం అదేననుకుంటారు. నిజానికి అది చెప్పేది స్వాప్ లెక్క, అంటే ర్యామ్ చాలనప్పుడు వాడుకోవడానికి డిస్క్ మీద కేటాయించిన చోటు. 2 జీబీ స్వాప్ పెట్టిన యంత్రం 2 జీబీ అంది, స్వాప్ పెట్టని యంత్రం సున్నా అంది. యంత్రాలు అబద్ధం చెప్పలేదు. మీరు అడిగిన ప్రశ్నే మారిపోయింది.

ఈ తికమక ఎలా వచ్చిందో తెలిస్తే మళ్లీ జరగదు. పీఎస్‌యుటిల్‌ను జాంపావొలో రొదోలా అనే ఇటాలియన్ ప్రోగ్రామర్ మొదలుపెట్టారు, తొలి వెర్షన్ 2009లో వచ్చింది. తొలినాళ్లలో మొత్తం ర్యామ్ ఎంతో చెప్పడానికి 'టోటల్ ఫిమెమ్' అనే స్థిరాంకం ఉండేది. ఆ తర్వాత 'ఫిమెమ్ యూసేజ్' అనే ఫంక్షన్ చేరింది, దాని పక్కనే స్వాప్ కోసం 'విర్ట్‌మెమ్ యూసేజ్'. 2012లో వచ్చిన 0.6 వెర్షన్‌లో ఈ పేర్లన్నీ సర్దారు. ర్యామ్‌కు 'వర్చువల్ మెమరీ', స్వాప్‌కు 'స్వాప్ మెమరీ' అని పెట్టారు. అంటే 'వర్చువల్' అన్న మాట అప్పటిదాకా స్వాప్ వైపు ఉండి, ఆ వెర్షన్‌తో ర్యామ్ వైపుకు వచ్చింది. పాత పేర్లు కొంతకాలం హెచ్చరికతో పనిచేశాయి, తర్వాతి వెర్షన్లలో తీసేశారు. మీ 'ఫిమెమ్'కు కొత్త రూపం 'వర్చువల్ మెమరీ', మీ 'విర్ట్‌మెమ్'కు కొత్త రూపం 'స్వాప్ మెమరీ'. ఈ ఒక్క వాక్యాన్ని స్క్రిప్ట్ పైన వ్యాఖ్యగా రాసి పెట్టుకోండి. మీ తర్వాత ఆ స్క్రిప్ట్ చూసేవారికి ఒక రోజు మిగులుతుంది.

ఇక చేయాల్సిన పని. వెర్షన్ నంబరు చూసి 'ఇంతకన్నా పాతదైతే ఇది, కొత్తదైతే అది' అని విడదీయకండి. కావలసిన పేరు ఆ లైబ్రరీలో ఉందా అని నేరుగా లైబ్రరీనే అడగండి. పైథాన్‌లో 'హాస్‌అట్టర్' ఉన్నది అందుకే. ముందు 'వర్చువల్ మెమరీ' ఉందేమో చూడండి, ఉంటే దాని 'టోటల్' తీసుకోండి. లేకపోతే 'ఫిమెమ్ యూసేజ్', దాని 'టోటల్'. అదీ లేకపోతే 'టోటల్ ఫిమెమ్'. ఈ చివరిది ఫంక్షన్ కాదు, స్థిరాంకం. బ్రాకెట్లు పెట్టి పిలిస్తే ఇంకో ఎర్రర్ వస్తుంది. ఈ మూడూ బైట్లలోనే చెబుతాయి కాబట్టి ఇక్కడ మార్పిడి అవసరం లేదు.

లైబ్రరీయే లేని యంత్రం తగిలితే ఆపరేటింగ్ సిస్టమ్‌నే అడగాలి. లినక్స్‌లో పైథాన్‌తో పాటు వచ్చే 'సిస్‌కాన్ఫ్' మొత్తం పేజీల (మెమరీని విభజించిన సమాన ముక్కల) సంఖ్యను, ఒక్కో పేజీ పరిమాణాన్ని చెబుతుంది, రెండూ గుణిస్తే చాలు. పేజీ అంటే 4096 బైట్లే అని రాసేయకండి. ఆపిల్ సొంత చిప్‌లతో వచ్చిన మ్యాక్‌లలో అది 16 కేబీ. విండోస్‌లో 'సిస్‌కాన్ఫ్' ఉండదు. అక్కడ 'గ్లోబల్ మెమరీ స్టేటస్ ఎక్స్' అనే ఫంక్షన్‌ను పిలవాలి. పిలిచే ముందు దానికిచ్చే స్ట్రక్చర్‌లో (జవాబు నింపే గడుల కట్టలో) మొదటి గడి, అంటే ఆ స్ట్రక్చర్ పొడవు, నింపాలి. అది మరిచిపోతే ఫంక్షన్ విఫలమవుతుంది. ఫంక్షన్ ఏం తిరిగి ఇచ్చిందో చూడని ప్రోగ్రాం మాత్రం ఖాళీ స్ట్రక్చర్‌లోంచి సున్నాను తీసి సంతోషంగా చూపిస్తుంది.

ఆ ఫంక్షన్ చివర 'ఎక్స్' ఎందుకుందో నాకు ఎవరూ పాఠం చెప్పలేదు, దెబ్బ తిని నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సంస్థ సాఫ్ట్‌వేర్‌కు ఇన్‌స్టాలర్ రాసే పని నాకిచ్చారు. అందులో ఆ 'ఎక్స్' లేని పాత ఫంక్షన్ 'గ్లోబల్ మెమరీ స్టేటస్' వాడాను. పరీక్షల్లో అంతా బాగుంది, ఎందుకంటే మా దగ్గరున్న యంత్రాలన్నీ 1 జీబీవి. కొన్నాళ్లకు ఒక కస్టమర్ ఫోన్ చేశారు. ఆయన మా సాఫ్ట్‌వేర్ వేగంగా నడవాలని మెమరీని 6 జీబీకి పెంచుకున్నారు. మళ్లీ ఇన్‌స్టాల్ చేయబోతే 'మీ కంప్యూటర్‌లో 0 ఎంబీ మెమరీ ఉంది, కనీసం 512 ఎంబీ కావాలి' అని మా ఇన్‌స్టాలర్ ఆగిపోయిందట. ఆయన గొంతులో కోపం లేదు. 'నేను కొన్న మెమరీ పాడైపోయిందా అండీ?' అని అడిగారు. ఆ ప్రశ్న నాకింకా గుర్తుంది.

జరిగింది ఇది. 4 జీబీ దాటిన యంత్రాల్లో ఆ పాత ఫంక్షన్ తన గడిలో పట్టని అంకె వచ్చిందని చెప్పడానికి మైనస్ 1 ఇవ్వగలదు. నేను ఆ మైనస్ 1ను 10,48,576తో భాగించి ఎంబీలుగా మార్చాను, పూర్ణాంకాల భాగహారంలో వచ్చింది సున్నా. 2 జీబీకి, 4 జీబీకి మధ్య మెమరీ ఉంటే ఆ ఫంక్షన్ ఎప్పుడూ 2 జీబీ అనే చెప్పేదని తర్వాత మైక్రోసాఫ్ట్ పత్రాల్లో చదివాను. తప్పు నాది, కానీ ఆయన తన ర్యామ్‌ను అనుమానించారు. మనం చూపించే అంకెను నమ్మి మనుషులు డబ్బు ఖర్చు పెడతారు, బాగున్న వస్తువును వెనక్కి ఇచ్చేస్తారు. అందుకే ఈ చిన్న విషయం మీద ఇంత రాస్తున్నాను.

మీ స్క్రిప్ట్‌లో ఇంకో రెండు మార్పులు చేయండి. ఒకటి, అంకె దొరకనప్పుడు సున్నా రాయొద్దు, 'తెలియలేదు' అని రాయండి. సున్నా చూసినవారు దాన్ని కొలిచిన విలువ అనుకుంటారు. రెండు, పట్టికలో ర్యామ్ పక్కన ఇంకో గడి పెట్టి, ఆ అంకె ఏ దారిలో వచ్చిందో, లైబ్రరీ వెర్షన్ ఎంతో రాయండి. ఆ గడి ముందే ఉండి ఉంటే, తప్పు అంకె వచ్చిన యంత్రాలన్నీ 'విర్ట్‌మెమ్' దారిలో వచ్చినవేనని మీకు మీరే ఒక్క చూపులో కనిపెట్టేవారు.

ప్రశ్న: మీరు చెప్పే 'టోటల్' నిజంగా మొత్తమేనా? నా కంప్యూటర్‌లో 8 జీబీ స్టిక్ ఒకటుంది, నేనే పెట్టాను. లినక్స్‌లో చూస్తే 7.6 అంటోంది. విండోస్‌లో 8, పక్కనే అంతకన్నా తక్కువగా 'వాడదగినది' అని ఇంకో అంకె. ఏది సరైనది? పైకి సవరించి 8 అని చూపిస్తే సరిపోదా?
ఒక పాఠకుడు

జవాబు: రెండూ సరైనవే. అవి రెండు వేరు వేరు ప్రశ్నలకు జవాబులు. బోర్డు మీద ఎంత పెట్టారన్నది ఒకటి, ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి ఎంత వచ్చిందన్నది ఇంకొకటి. 8 జీబీ అంటే 83,88,608 కేబీ. లినక్స్‌లో 'ప్రాక్' కింద ఉండే 'మెమ్‌ఇన్ఫో' ఫైల్‌లో 'మెమ్‌టోటల్' వరుస చూడండి, అంతకన్నా తక్కువే ఉంటుంది. యంత్రాన్ని మొదట లేపే ఫర్మ్‌వేర్ కొంత తనకోసం అట్టిపెట్టుకుంటుంది. గ్రాఫిక్స్‌కు విడి మెమరీ లేని యంత్రాల్లో గ్రాఫిక్స్ చిప్ కొంత తీసుకుంటుంది. కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, దాని కోడ్‌కు కొంత పడుతుంది. మిగిలిందే 'మెమ్‌టోటల్'. ఆ ఫైల్‌లో కేబీ అంటే 1024 బైట్లు. దాన్ని 1000 అనుకుని లెక్కేసిన స్క్రిప్టులు చాలా చూశాను, అక్కడే రెండు శాతానికి పైగా పోతుంది.

నిజంగా పెట్టినది ఎంతో కావాలంటే ఫర్మ్‌వేర్ రాసి ఉంచిన పట్టిక చదవాలి, దాని పేరు ఎస్‌ఎం‌బయాస్. విండోస్ విస్టా సర్వీస్ ప్యాక్ 1 నుంచి 'గెట్ ఫిజికల్లీ ఇన్‌స్టాల్డ్ సిస్టమ్ మెమరీ' అనే ఫంక్షన్ ఆ పట్టిక చదివి చెబుతుంది. జవాబు కేబీలలో ఉంటుంది, బైట్లలో కాదు. మ్యాక్‌లో 'సిస్‌కంట్రోల్'ను 'హెచ్‌డబ్ల్యూ మెమ్‌సైజ్' అడగండి. పక్కనే ఉన్న 'హెచ్‌డబ్ల్యూ ఫిజ్‌మెమ్' 32 బిట్ల కాలం నాటిది, పెద్ద అంకెలు దానిలో పట్టవు. లినక్స్‌లో 'డీఎంఐడీకోడ్' ఆ పట్టికను చూపిస్తుంది గానీ రూట్ అనుమతి, అంటే నిర్వాహకుడి అధికారం, అడుగుతుంది.

ఆ పట్టికను మీరే చదవాలనుకుంటే ఒక గుంట ఉంది. ప్రతి స్టిక్‌కు ఒక వరుస, అది 17వ రకం వరుస. అందులో పరిమాణానికి ఇచ్చిన చోటు 16 బిట్లే. సున్నా అంటే ఆ స్లాట్ ఖాళీ, అన్ని బిట్లూ ఒకట్లైతే ఎంతో తెలియదని అర్థం. 32 జీబీ, అంతకన్నా పెద్ద స్టిక్‌లు ఆ చోటులో పట్టవు కాబట్టి 2.7 వెర్షన్‌లో విస్తరించిన గడి ఒకటి చేర్చారు. పాత గడిలో 32,767 కనిపిస్తే 'అసలు అంకె కొత్త గడిలో చూడు' అని అర్థం. ఇది తెలియని ప్రోగ్రాం 32 జీబీ స్టిక్‌నూ 64 జీబీ స్టిక్‌నూ ఒకటే అంటుంది. 32 దగ్గర ఒక్క ఎంబీ తేడా కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, 64 పెట్టిన రోజున సగం మాయమవుతుంది.

సవరింపు గురించి: రెట్టింపుల వరుసలోకి, అంటే 4, 8, 16, 32 లోకి సవరించొద్దు. ఒక 8, ఒక 4 కలిపి పెట్టిన 12 జీబీ యంత్రాలు ఎప్పటినుంచో ఉన్నాయి. డీడీఆర్5 అనే కొత్త తరం మెమరీ వచ్చాక 24 జీబీ, 48 జీబీ స్టిక్‌లే అమ్ముతున్నారు. మనిషికి చూపించడానికైతే ఒక దశాంశంతో ఉన్నదున్నట్టు చూపండి, పక్కన 'వాడదగినది' అని ఒక మాట రాయండి. మీ 7.6 సిగ్గుపడాల్సిన అంకె కాదు.

ప్రశ్న: సార్, మా సర్వర్‌లో 64 జీబీ ఉంది. మా ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు మొత్తం మెమరీ ఎంతో చూసుకుని, అందులో సగం కాష్‌గా, అంటే మళ్లీ మళ్లీ కావలసిన డేటా దాచుకునే చోటుగా, వాడుకుంటుంది. దాన్ని కంటైనర్‌లో (ప్రోగ్రాంను మిగతావాటి నుంచి వేరుచేసి నడిపే డబ్బాలో) పెట్టినప్పటి నుంచి కాసేపు నడిచి చచ్చిపోతోంది. లాగ్‌లో ఏమీ ఉండదు. కంటైనర్‌కు 2 జీబీ పరిమితి పెట్టాం.
ఒక పాఠకుడు

జవాబు: మీ ప్రోగ్రాం ఇంటి మొత్తాన్నీ కొలిచింది, దానికి ఇచ్చింది ఒక్క గదే. 'మెమ్‌ఇన్ఫో' ఫైల్ మామూలుగా కంటైనర్ లోపల కూడా దాన్ని మోసే ఆతిథ్య యంత్రం లెక్కే చెబుతుంది. పీఎస్‌యుటిల్ ఆ ఫైల్‌నే చదువుతుంది. 32 జీబీ కాష్ కట్టబోయి 2 జీబీ గీత దాటగానే కెర్నెల్ దాన్ని చంపేసింది. చంపింది కెర్నెల్ కాబట్టి మీ లాగ్‌లో ఏమీ ఉండదు. ఆతిథ్య యంత్రం కెర్నెల్ లాగ్‌లో వెతకండి.

మీరు చదవాల్సింది సీగ్రూప్ పరిమితి, అంటే ప్రోగ్రాంల గుంపుకు లినక్స్ కెర్నెల్ పెట్టే హద్దు. అక్కడా వెర్షన్ గొడవే. మొదటి వెర్షన్‌లో ఫైల్ పేరు 'మెమరీ లిమిట్ ఇన్ బైట్స్'. పరిమితి లేకపోతే అందులో 9223372036854771712 లాంటి కొండంత అంకె ఉంటుంది. రెండో వెర్షన్‌లో 'మెమరీ మ్యాక్స్', పరిమితి లేకపోతే అంకె బదులు 'మ్యాక్స్' అన్న అక్షరాలే ఉంటాయి. దాన్ని నేరుగా పూర్ణాంకంగా మార్చబోతే ప్రోగ్రాం అక్కడే పడిపోతుంది. రెండు దారులూ చూసి, దొరికిన పరిమితి, 'మెమ్‌టోటల్' ఈ రెండిట్లో చిన్నది తీసుకోండి. అప్పుడు ఆ కొండంత అంకెకు వేరే ఏర్పాటు కూడా అక్కర్లేదు.

జావా వాడేవారికి ఇది కొంత తేలికైంది. జావా 10 నుంచి అది కంటైనర్ పరిమితిని తానే చూసుకుంటుంది, జావా 8కు కూడా 191వ అప్‌డేట్‌లో ఆ సదుపాయం ఇచ్చారు. జావా 14 కిట్‌లో (జేడీకే 14) 'గెట్ టోటల్ ఫిజికల్ మెమరీ సైజ్' అనే పేరు పక్కన పెట్టి 'గెట్ టోటల్ మెమరీ సైజ్' తెచ్చారు. కంటైనర్ లోపల వచ్చే అంకె భౌతికమైనది కానప్పుడు పేరులో 'ఫిజికల్' ఉండటం తప్పని గుర్తించి మార్చారు. నాకు ఆ మార్పు చాలా నచ్చింది. ఒక అంకె దేన్ని కొలుస్తుందో పేరులోనే నిజాయితీగా ఉండాలి.

ప్రశ్న: మేం రస్ట్ భాషలో 'సిస్‌ఇన్ఫో' లైబ్రరీ వాడుతున్నాం. అప్‌డేట్ చేశాక కంపైల్ బాగానే అయింది, కానీ మా తెరమీద 8 జీబీ బదులు 8192 జీబీ కనిపిస్తోంది. మేమేం తప్పు చేశాం?
ఒక పాఠకురాలు

జవాబు: మీరేమీ తప్పు చేయలేదు. 0.26 వెర్షన్‌లో ఆ లైబ్రరీ మెమరీని కేబీల బదులు బైట్లలో చెప్పడం మొదలుపెట్టింది. ఫంక్షన్ పేరు అదే, రకం అదే, అందుకే కంపైలర్ పట్టుకోలేకపోయింది. మీ కోడ్ పాత అలవాటు ప్రకారం ఇంకోసారి 1024తో గుణిస్తోంది. ఆ గుణకారం తీసేసి, వెర్షన్‌ను కార్గో ఫైల్‌లో (రస్ట్ ప్రోగ్రాం వాడే లైబ్రరీల జాబితాలో) బిగించండి.

పేరు మారితే ఎర్రర్ వస్తుంది, యూనిట్ మారితే ఎర్రర్ కూడా రాదు. మొదటి జవాబులో చెప్పిన 'పేరు ఉందా' అనే పరీక్ష ఇక్కడ పనికిరాదు కాబట్టి, వచ్చిన అంకె నమ్మదగినదా అని ఒక పరీక్ష పెట్టండి. 8 జీబీని కేబీలలో చెబితే 83,88,608. దాన్ని బైట్లనుకుంటే 8 ఎంబీ. 8 ఎంబీ ఉన్న యంత్రంలో మీ ప్రోగ్రాం ఇక్కడిదాకా నడిచి ఉండేదే కాదు. కాబట్టి మీ ప్రోగ్రాం నడవడానికి కావలసిన కనీసం కన్నా తక్కువ వచ్చినా, మీ కస్టమర్లలో ఎవరి దగ్గరా ఉండనంత ఎక్కువ వచ్చినా, ఆ అంకెను వాడకుండా లాగ్‌లో రాయండి.

సీ భాషలో లినక్స్ 'సిస్‌ఇన్ఫో' కాల్ వాడేవారికి కూడా ఒక మాట, పేరు ఒకటే గానీ ఇది వేరు. 'టోటల్ ర్యామ్' గడిని పక్కనున్న 'మెమ్ యూనిట్' గడితో గుణించాలి. 64 బిట్ల యంత్రంలో ఆ యూనిట్ మామూలుగా 1 ఉంటుంది కాబట్టి మరిచిపోయినా తెలియదు.

ప్రశ్న: వెర్షన్ నంబరుతో పోల్చొద్దన్నారు. మా కోడ్‌లో తప్పదు. ఎలా?
ఒక పాఠకుడు

జవాబు: అక్షరాలుగా మాత్రం పోల్చకండి. అక్షరాల లెక్కలో '0.10' కన్నా '0.9' పెద్దది, ఎందుకంటే 9 అనే గుర్తు 1 తర్వాత వస్తుంది. చుక్కల దగ్గర విడగొట్టి ఒక్కో భాగాన్నీ అంకెగా పోల్చాలి. పీఎస్‌యుటిల్‌లో ఆ పని చేసిపెట్టిన 'వెర్షన్ ఇన్ఫో' ఉంది.

ప్రశ్న: ఇంత కష్టం దేనికండీ? ర్యామ్ ఎంతుందో వాడేవారినే అడిగితే పోదా?
ఒక పాఠకురాలు

జవాబు: మీ ప్రశ్న చదివి చాలాసేపు ఆలోచించాను. చాలామందికి తమ యంత్రంలో ఎంతుందో తెలియదు, అందుకని ముందుగా అడగడం బాగుండదు. కానీ ప్రోగ్రాం కనుక్కున్న అంకెను వాడేవారు మార్చుకునే వీలు తప్పకుండా ఉండాలి. సెట్టింగ్‌లలో 'ఎంత మెమరీ వాడాలి' అనే గడి పెట్టండి, ఖాళీగా వదిలితే ప్రోగ్రాం లెక్క, నింపితే వారి లెక్క. మెమరీ చాలదనిపిస్తే ఎంత కనిపించిందో, ఎంత కావాలో చెప్పి 'అయినా కొనసాగించు' అనే బటన్ ఇవ్వండి. ఆ కస్టమర్ ఫోన్ పెట్టేసిన రోజు సాయంత్రం నేను మా ఇన్‌స్టాలర్‌లో మొదట చేర్చింది ఆ బటన్‌నే. ఫంక్షన్‌ను మర్నాడు మార్చాను.